గానుగ నూనె, కప్ప గుండె

ఈ నెల నాకు చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా నూనెల గురించే. దాదాపు అందరూ నన్ను డాక్టరమ్మ అనే పిలిచారు. నేను డాక్టర్ని కాను. ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం) ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాయగడలో ఉంటున్నాను. ఏ మాత్ర ఎవరు ఎంత వేసుకోవాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ‘ల్యాబ్‌లో పరీక్ష చేశారు’ అనే మాట వెనక ఏం జరుగుతుందో నా చేతులతో చేసి చూసినదాన్ని. అది మాత్రం చెప్పగలను.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పది నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. మునిగుడ సంతలో ఒకాయన అడవి గింజల నూనె అమ్ముతున్నాడు. సీసా మీద ఒడియాలో ‘పరీక్షిత’ అని రాసి ఉంది. కాలేజీ ల్యాబ్‌లో కప్ప గుండె మీద పరీక్ష చేశారని, పరగడుపున రెండు చెంచాలు తాగితే బ్లాకులు కరిగిపోతాయని చెప్పాడట. నాన్న మూడు వారాలుగా అది తాగుతూ మాత్రలు మానేశారు. ఎంత చెప్పినా వినడం లేదు. ఈ నూనెను నమ్మొచ్చా? – ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

బాబూ, మీ ఉత్తరంలో నంబరు ఉండబట్టి చదివిన రోజే ఫోన్ చేశాను. ఇంకో ఇంట్లో కూడా ఇదే జరుగుతూ ఉండొచ్చు కాబట్టి ఆ మాటే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. స్టెంట్ వేసినవాళ్లకు ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు ఆ లోహపు జాలీలో రక్తం గడ్డ కట్టకుండా చూస్తాయి. వాటిని సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. మొదటి ఏడాదిలో ఆ భయం ఇంకా ఎక్కువ. మాత్రలు ఆపిన సంగతి గుండె డాక్టరుకు ఆలస్యం చేయకుండా చెప్పాలి. నూనె సంగతి కూడా దాచకూడదు. సీసాను సంచిలో వేసుకుని వెళ్లండి.

ఇక కప్ప గుండె మాట. ఈ పరీక్ష నేను ఎన్ని వందల సార్లు సిద్ధం చేశానో లెక్క లేదు. పొద్దున్నే ల్యాబ్ తెరవగానే మొదటి పని డ్రమ్ముకు మసి పట్టించడం. లోహపు డ్రమ్ముకు నున్నటి తెల్ల కాగితం చుట్టి, కిరోసిన్ పొగ మీద నెమ్మదిగా తిప్పుతుంటే కాగితం కాటుక పట్టినట్టు నల్లగా అవుతుంది. వేలు తగిలితే మచ్చ పడుతుంది, అందుకని ఊపిరి బిగబట్టి చేసేవాళ్లం. తర్వాత కప్ప గుండెకు సన్నటి గాజు గొట్టం కట్టి రింగర్ ద్రావణం పంపిస్తాం. ఉప్పులు కలిపిన నీళ్లే అది: లీటరుకు ఆరున్నర గ్రాముల ఉప్పు, చిటికెడు పొటాషియం, 0.12 గ్రాముల కాల్షియం క్లోరైడ్, కొంచెం సోడా. ఆ నీళ్లు అందుతున్నంతసేపూ గుండె ఒంటి నుంచి వేరైనా కొట్టుకుంటూనే ఉంటుంది. దాని కొనకు చిన్న కొక్కెం, కొక్కేనికి దారం, దారానికి తేలికపాటి మీట. గుండె ముడుచుకున్నప్పుడల్లా మీట కొన, తిరుగుతున్న డ్రమ్ము మీది మసిని గీకి ఒక తెల్ల గీత పెడుతుంది. గుండెను ఉరికించే అడ్రినలిన్ పంపితే గీతలు పొడుగై దగ్గర దగ్గరగా పడతాయి. గుండెను నెమ్మదింపజేసే ఎసిటైల్‌కొలిన్ పంపితే పొట్టివై దూరం జరుగుతాయి. ఎన్నేళ్లు చూసినా అది నాకు విసుగు రాలేదు.

ఇప్పుడు నూనె దగ్గరకు వద్దాం. నూనె నీళ్లలో కలవదు కదా, గుండెకు ఎలా పంపాలి? ట్వీన్ 80 అని సబ్బు స్వభావం ఉన్న ఒక పదార్థం ఉంది. దాంతో చిలికితే నూనె పాలలా తెల్లగా కలిసిపోతుంది. 1990ల్లో మా ల్యాబ్‌లో ఒక పరిశోధక విద్యార్థి ఒక గింజల నూనె తెచ్చి అలాగే కలిపి పంపించాడు. ప్రతి మోతాదుకూ గీతలు పొట్టివయ్యాయి. మోతాదు పెంచితే ఇంకా పొట్టివయ్యాయి. అందరం సంబరపడ్డాం. గుండె వేగాన్ని, ఒత్తిడిని తగ్గించే గుణం దొరికిందని అనుకున్నాం. రిపోర్టు రాయడం కూడా మొదలైంది.

ఆ రాత్రి గ్లాసు సామాను కడుగుతుంటే నాకు ఒక సందేహం పట్టుకుంది. నూనె లేకుండా ఒట్టి ట్వీన్ నీళ్లు పంపి చూశామా? చూడలేదు. మర్నాడు అదే చేశాం. నూనె చుక్క కూడా లేదు, అయినా గీతలు అలాగే పొట్టివయ్యాయి. కారణం వెతికితే తప్పు నాదే. ఆ పాలలాంటి ద్రావణాన్ని నేను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి ఇచ్చాను. రింగర్‌తో కలపాల్సింది. డిస్టిల్డ్ వాటర్‌లో కాల్షియం ఉండదు. ఆ నీళ్లు వెళ్లినప్పుడల్లా గుండెకు కాల్షియం పలచబడిపోయింది. గుండె నీరసపడింది నూనెకు కాదు, నేను పోసిన నీళ్లకు. రింగర్‌తో మళ్లీ కలిపి పంపితే గీతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కుర్రవాడు రాసిన కాగితాలు చింపేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు.

ఈ కాల్షియం సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా ఇలాంటి పొరపాటు వల్లే. 1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండె ఒట్టి ఉప్పునీళ్లలో చక్కగా కొట్టుకుంటోందని రాశాడు. తర్వాత తేలిందేమిటంటే, ఆ ద్రావణం డిస్టిల్డ్ వాటర్‌తో కాక లండన్ కుళాయి నీళ్లతో చేసినది. ఆ నీళ్లలో సహజంగానే కాల్షియం ఉంది. డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే గుండె ఆగిపోయింది. 1883లో ఆయన తన మాటను తానే దిద్దుకుంటూ మళ్లీ రాశాడు. మనం వాడే రింగర్ ద్రావణం ఆ దిద్దుబాటు నుంచి వచ్చిందే.

కాబట్టి సంతలో ఆయన చెప్పింది నిజమే అనుకున్నా, కప్ప గుండె మీద ఎవరో నిజంగానే పరీక్ష చేశారనే అనుకున్నా, నేను అడిగేవి ఇవి. దేనితో పోల్చి చూశారు? నూనె లేని ద్రావణం పంపి చూశారా? ఎంత నూనె పంపారు? గుండె నెమ్మదించినంత మాత్రాన అది మందు అయిపోదు. పొటాషియం క్లోరైడ్ ఎక్కువైతే కూడా గుండె నెమ్మదిస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. పైగా మేము పంపేది నేరుగా గుండెలోకి. మీ నాన్నగారు తాగేది కడుపులోకి. నూనె పేగుల్లో విడిపోయి, కొవ్వు ఆమ్లాలుగా మారి, మళ్లీ కూర్చుకుని, సన్నటి కొవ్వు బిందువులుగా రక్తంలోకి వెళుతుంది. తాగిన నూనె తాగినట్టే రక్తనాళంలో పారదు. బ్లాకు అంటే పైపులో పేరుకున్న జిడ్డు కాదు. అది రక్తనాళం గోడలోపల పెరిగినది. కొవ్వు, పీచు, కాల్షియం కలిసి గట్టిపడి ఉంటుంది. నూనె పోసి కడిగేస్తే పోయేది కాదు.

సీసా మీద ‘పరీక్షిత’ అని ఉంటే మామూలుగా దాని అర్థం వేరు. నూనెల ల్యాబ్‌లో చూసేవి ఆమ్ల సంఖ్య, పెరాక్సైడ్ సంఖ్య, అయోడిన్ సంఖ్య, తేమ. అంటే నూనె ముక్కిపోయిందా, కల్తీ ఉందా అనే సంగతులు. అవి అవసరమే. కానీ వాటిలో గుండె మాట ఒక్కటి కూడా లేదు. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. తినే నూనైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. గుండె జబ్బులు, బీపీ నయం చేస్తామని ప్రకటనలు చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మీరు పంపిన ఫోటోలో నంబరు ఏదీ కనబడలేదు, గింజ పేరు కూడా లేదు. ఏ గింజో తెలియని నూనెను మా ల్యాబ్‌లో కప్పకు కూడా ఇచ్చేవాళ్లం కాదు.

నాన్నగారితో వాదించకండి. ఆయనకు ఆ నూనె మీద కన్నా మాత్రల మీద భయం ఎక్కువ ఉండి ఉండొచ్చు. కడుపులో మంటో, ఖర్చో, జీవితాంతం మింగాలన్న బెంగో. అది ఏమిటో కూర్చుని అడగండి. దాన్ని డాక్టరు ముందు ఆయన చేతే చెప్పించండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నల్లజీలకర్ర నూనె బీపీ తగ్గిస్తుందని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ తాగుతున్నారు. నాకు బీపీ మాత్ర ఉంది. నేనూ తాగొచ్చా? – ఒక గృహిణి, బరంపురం

అమ్మా, నల్లజీలకర్ర మీద ల్యాబ్ పని నిజంగానే చాలా జరిగింది. కాకపోతే ఆ గింజలో నూనెలు రెండు రకాలు. గానుగలో పిండితే వచ్చేది మామూలు నూనె, గింజ బరువులో సుమారు మూడో వంతు. ఆవిరి పట్టి తీసేది సుగంధ తైలం, ఇది చాలా కొంచెం, నూటికి ఒక పాలు అటూ ఇటూ. ఆ ఘాటైన వాసన, థైమోక్వినోన్ అనే పదార్థం ప్రధానంగా ఈ రెండో దానిలోవి. 1990ల్లో మత్తు ఇచ్చిన ఎలుకల రక్తంలోకి ఈ ఆవిరి తైలం నేరుగా ఎక్కిస్తే బీపీ, గుండె వేగం రెండూ తగ్గాయి. మీ అపార్ట్‌మెంట్‌లో తాగేది గానుగ నూనె, నోటితో. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది.

మనుషుల మీద చిన్న చిన్న అధ్యయనాలూ జరిగాయి. కొన్నింటిలో బీపీ కొద్ది పాయింట్లు తగ్గింది. అందుకే ఇది ఉత్త మాట అని నేను అనను. కానీ మీరు మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి రెండూ కలిసి బీపీ మరీ దిగితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, ఇంట్లో మిషన్ మీద వారం రోజులు పొద్దునా సాయంత్రం బీపీ రాసిపెట్టుకుని, ఆ కాగితం చూపించి నిర్ణయించుకోండి. పోపులో వేసుకునే నల్లజీలకర్రకు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

ప్రశ్న: మా అత్తగారు ఇప్ప నూనెతోనే వండుతారు. నాగపూర్‌లో చదువుకునే మా మరిది అది గుండెకు విషమంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవ. – ఒక కోడలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

చెల్లెమ్మా, విషం అనే మాట అన్యాయం. గోండులు, కోయలు, మా వైపు సవరలు తరతరాలుగా తిన్న నూనె అది. పొద్దున్నే చెట్టు కింద పువ్వు ఏరుకుని, వేసవి చివర కాయ రాలాక పలుకు తీసి ఎండబెట్టి గానుగకు మోసే ఆడవాళ్ల కష్టం నాకు తెలుసు. డిసెంబరులో మీ సీసా చూసే ఉంటారు, పొద్దుటికి పేరిన నెయ్యిలా పసుపు పచ్చగా గడ్డ కడుతుంది. ఆ గడ్డ కట్టడమే మీ మరిది ప్రశ్నకు జవాబు. చల్లదనానికి గడ్డ కట్టే కొవ్వులో సంతృప్త కొవ్వు ఎక్కువ. ఇప్ప నూనెలో అది నూటికి 40 నుంచి 50 దాకా ఉంటుంది. వేరుశనగ నూనెలో సుమారు 20. నెయ్యిలో 60 పైన. కొబ్బరి నూనెలో 90 దగ్గర. అంటే ఇప్ప నూనె వేరుశనగకూ నెయ్యికీ మధ్యలో ఉంది. అందులోని సంతృప్త కొవ్వులో దాదాపు సగం స్టియరిక్ ఆమ్లం. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు. మిగతా సగం పామిటిక్, అది పెంచుతుంది.

అత్తగారికి కొలెస్ట్రాల్ పరీక్ష ఒకసారి చేయించండి. మామూలుగా ఉంటే మానిపించకండి. ఒక పూట ఇప్ప నూనె, ఒక పూట నువ్వుల నూనో వేరుశనగ నూనో వాడండి. నూనె పిండాక మిగిలే గానుగ చెక్కను మాత్రం పశువులకు నేరుగా పెట్టకండి. చెరువులో చేపలకు మత్తు పెట్టడానికి ఆ చెక్కనే వాడతారని మీకు తెలిసే ఉంటుంది. నురగ పుట్టించే ఆ చేదు పదార్థం ఎక్కువగా చెక్కలోనే మిగిలిపోతుంది.

ప్రశ్న: గుండెకు కుసుమ నూనె అన్నిటికన్నా మంచిదని ఇరవై ఏళ్లుగా అదే వాడుతున్నాం. ఇప్పుడు కాదంటున్నారు. ఏది నిజం? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

మీ మరాఠ్వాడా కుసుమ పంట భూమి కాబట్టి ఈ ప్రశ్న మీ దగ్గర నుంచి రావడం సహజం. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1966 నుంచి 1973 దాకా ఒక అధ్యయనం జరిగింది. గుండెపోటు లాంటి గుండె సమస్య వచ్చిన 458 మంది మగవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెన్న లాంటి జంతు కొవ్వుల బదులు కుసుమ నూనె, దానితో చేసిన మార్జరిన్ (వెన్నలా రాసుకునేది) ఇచ్చారు. వాళ్ల కొలెస్ట్రాల్ తగ్గింది. కానీ చావులు తగ్గలేదు, పెరిగాయి. పాత లెక్కలను తవ్వి తీసి 2013లో పూర్తిగా ప్రచురించినప్పుడు కుసుమ గుంపులో 17.6 శాతం, రెండో గుంపులో 11.8 శాతం చనిపోయారని తేలింది.

అది విని కంగారుపడి సీసా పారేయకండి. అది చిన్న అధ్యయనం, అందరూ మగవాళ్లే, అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లే. సంతృప్త కొవ్వు తగ్గించి రకరకాల గింజల నూనెలు వాడితే గుండెకు మేలని చెప్పే అధ్యయనాలు ఇంకా ఉన్నాయి. కుసుమలో లినోలెయిక్ ఆమ్లం (ఒమెగా-6 కొవ్వు) చాలా ఎక్కువ, ఒమెగా-3 దాదాపు లేదు. ఒకే నూనెను ఇరవై ఏళ్లు పట్టుకుని ఉండకుండా మార్చి మార్చి వాడమని చెప్పేది అందుకే. మీ విదర్భ పక్కన అవిసె గింజలు, మీరు జవస్ అంటారు, చవగ్గా దొరుకుతాయి. వాటి నూనెలో సగం ఒమెగా-3. కెనడాలో కాళ్ల రక్తనాళాలు మూసుకున్న 110 మంది మీద చేసిన అధ్యయనంలో రోజూ 30 గ్రాముల అవిసె పొడి ఆరు నెలలు తిన్నవాళ్ల పై బీపీ రెండో గుంపు కన్నా సుమారు 10 పాయింట్లు తక్కువగా ఉంది. అక్కడ ఇచ్చింది నూనె కాదు, గింజ పొడి. జవస్ చట్నీ చేసుకునే ఇంటికి ఇది కొత్త కాదు. అవిసె నూనెను మాత్రం వేపుళ్లకు వాడకండి. గాలి తగిలితే గట్టిపడే నూనె అది, రంగులు వేసేవాళ్లు వాడేది అందుకే.

ప్రశ్న: ఆవ నూనె ఎలుకల గుండెను పాడు చేసిందని చదివాను. మా పర్లాకిమిడిలో సగం ఇళ్లలో ఆవ నూనే వాడతారు. మా కోడలు ఒడియా అమ్మాయి, ఆవ నూనె లేనిదే చేప కూర వండదు. మానేయమనాలా? – ఒక అత్తగారు, పర్లాకిమిడి

మానేయమనొద్దు. ఆమె చేప కూర మీరూ తింటూ ఉండండి. కానీ ఎలుకల కథ నిజమే, అది ఇంతవరకు ఎలా వచ్చిందో చెబుతాను.

ఆవ నూనెలో ఎరూసిక్ ఆమ్లం ఉంటుంది. మన దేశపు ఆవాల నూనెలో అది నూటికి 40, 50 దాకా ఉంటుంది. అది ఎక్కువగా ఉన్న నూనెను ఎలుకలకు తినిపిస్తే కొద్ది రోజుల్లోనే గుండె కండరంలో కొవ్వు చుక్కలు నిండాయి. నెలల తరబడి పెడితే మచ్చలు పడ్డాయి. 1970ల నాటికి దీని మీద ప్రపంచమంతా గగ్గోలు. కెనడా శాస్త్రవేత్తలు ఎరూసిక్ తక్కువగా ఉండే రకాలు పండించారు, 1978లో దానికి కనోలా అనే పేరు వచ్చింది. అమెరికాలో ఇప్పటికీ ఆవ నూనె సీసా మీద ఒంటికి రాసుకోవడానికి మాత్రమే అని ఉంటుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఎలుక గుండె ఆ ఆమ్లాన్ని కరిగించుకోలేదు. మగ ఎలుకలకైతే వేరే నూనెలు ఎక్కువగా పెట్టినా గుండెలో మచ్చలు పడుతున్నాయి. ఎలుక చెప్పింది ఎలుక మాట. మన దగ్గర ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రుల్లో 350 మంది గుండె రోగులను, 700 మంది గుండె జబ్బు లేనివాళ్లను పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆవ నూనెతో వండుకునేవాళ్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. దానిలో ఒమెగా-3 ఉండటం ఒక కారణం కావచ్చు. రెండూ చూశాక నేను అనేది, మితంగా, వేరే నూనెతో మార్చి మార్చి వాడండి.

మీరు నిజంగా భయపడాల్సింది ఎరూసిక్‌కు కాదు, బ్రహ్మదండి అనే కలుపు మొక్కకు. దీని గురించి ఇంకొంచెం రాయనివ్వండి, ఎందుకంటే ఇది మన సరిహద్దు జిల్లాల పొలాల గట్ల మీదే పెరుగుతుంది. ముళ్ల ఆకులు, ఆకుల మీద తెల్ల చారలు, పచ్చటి పువ్వు, తుంచితే పసుపు పాలు. మరాఠీలో పివళా ధోత్రా అంటారు. దాని గింజ నల్లగా, గుండ్రంగా, చూపుకు ఆవ గింజలా ఉంటుంది. అరచేతిలో వేసుకుని వెలుతురులో దగ్గరగా చూడండి. ఆవ గింజ నున్నగా ఉంటుంది, బ్రహ్మదండి గింజ మీద వల అల్లినట్టు గళ్లు కనిపిస్తాయి.

ఆ గింజ కలిసిన నూనె తింటే కాళ్లు రెండూ వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె పెద్దదై నీరసపడుతుంది. సాంగ్వినరిన్ అనే పదార్థం సన్నటి రక్తనాళాలను జల్లెడలా చేసేస్తుంది. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవ నూనె వల్ల దాదాపు 3,000 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 60 మందికి పైగా చనిపోయారు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి కాళ్లు వాస్తే మొదట నూనె ఆపండి, ఆ నూనెను పారేయకుండా డాక్టరుకు చూపించండి. ల్యాబ్‌లో ఆ నూనెకు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపి ఊపితే అడుగున ఆమ్లం పొర నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతుంది. కొద్దిపాటి కల్తీ అయితే ఈ పరీక్షకు అందదు, ఇంకా సున్నితమైనవి చేయాలి. నైట్రిక్ ఆమ్లం చేతి మీద పడితే చర్మం కాలుతుంది, ఇంట్లో ప్రయత్నించకండి. లూజు నూనె మానేసి సీలు ఉన్న డబ్బా కొనండి. సొంత ఆవాలు గానుగకు తీసుకెళ్లేవాళ్లు చాటలో చెరిగి, గళ్ల గింజలు ఏరి మరీ తీసుకెళ్లండి.

ప్రశ్న: గుండెకు వాడే ఇంగ్లీషు మందు గన్నేరు లాంటి మొక్క నుంచే వచ్చిందట కదా. మా ఊళ్లో ఒక వైద్యుడు పచ్చ గన్నేరు గింజల నూనె గుండె దడకు ఇస్తానంటున్నాడు. – జయపురం, కొరాపుట్ జిల్లా

వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు.

ఆయన మాటలో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. 1785లో ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే డాక్టరు డిజిటాలిస్ అనే మొక్క ఆకు గుండె జబ్బుకు ఎలా పనిచేస్తుందో రాశాడు. దాని జాతి నుంచి వచ్చినదే డిగాక్సిన్ మాత్ర. పచ్చ గన్నేరు గింజలోనూ అదే తీరు పదార్థాలు ఉన్నాయి. డిగాక్సిన్‌లోనే మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ మధ్య సందు చాలా సన్నం. అందుకే మైక్రోగ్రాముల్లో తూచి ఇస్తారు, అవసరమైతే రక్తంలో ఎంత ఉందో కొలుస్తారు. గింజ గింజకూ మారిపోయే పదార్థాన్ని చెంచాతో ఎవరూ కొలవలేరు. ఆ చెట్టు మీ పెరట్లో ఉంటే పిల్లలకు ఆ కాయ తాకొద్దని నేర్పండి. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గుండె లయ తప్పడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

ప్రశ్న: నేను బి.ఫార్మ్ చివరి ఏడాది చదువుతున్నాను. మా అమ్మమ్మ ఛాతీకి రాసే ఒక అడవి గింజల నూనె మీద ప్రాజెక్టు చేయాలనుంది. ఇప్పుడు కప్ప గుండె ప్రయోగాలు కంప్యూటర్లోనే చేయిస్తున్నారు. అసలు డ్రమ్ము గీత ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని, గుణుపురం

తల్లీ, నీ ఉత్తరం నాకు చాలా సంతోషం కలిగించింది. కప్పలను వదిలేసి పుదుచ్చేరి వైద్య సంస్థ జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లకు మారడం మంచిదే. ప్రతి క్లాసుకూ అన్ని కప్పలను చంపాల్సిన పని లేదు, నేను చివరి ఏళ్లలో ఆ పని బరువుగానే చేశాను.

మొదట గింజ దగ్గర కాదు, చెట్టు దగ్గర మొదలుపెట్టు. అమ్మమ్మను వెంటబెట్టుకుని వెళ్లి ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మ కోసి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, బాటనీ వాళ్ల చేత శాస్త్రీయ నామం రాయించు. అమ్మమ్మ నూనె ఎలా తీస్తుందో, ఎంత రాస్తుందో, ఎప్పుడు వద్దంటుందో ఆమె మాటల్లోనే రాసుకో. ఆ ‘ఎప్పుడు వద్దు’ అనేది చాలామంది మర్చిపోతారు. తర్వాత నూనెను రెండు రకాలుగా తీయి: ఒకటి అమ్మమ్మ తీసినట్టు గానుగలో, ఒకటి సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో హెక్సేన్ అనే ద్రావకంతో. రెండిటి ఆమ్ల సంఖ్య, అయోడిన్ సంఖ్య చూడు. ఒకే గింజ నూనెలు రెండు వేరు వేరుగా కనిపిస్తే ఆశ్చర్యపోకు. ఒక ఏడాది ప్రాజెక్టుకు ఇంతే చాలా పని. ఆమె ఛాతీకి రాస్తోంది కాబట్టి అది గుండె మీద పనిచేస్తోందా, చర్మానికి వెచ్చదనం ఇస్తోందా అన్నది వేరే ప్రశ్న. గుండె అనే మాట టైటిల్లో పెట్టాలన్న తొందర వద్దు. జంతువుల మీద ఏం చేయాలన్నా కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే కావాలి.

ఎప్పుడు ఏ ప్రయోగం చేసినా నూనె లేని ఒట్టి ద్రావణంతో మొదటి రోజే చేసి చూడు.

డ్రమ్ము గీత చూడలేదన్నావు. మసి కాగితం చెరిగిపోకుండా లక్క కరిగించిన స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టేవాళ్లం. పైన చెప్పిన ఆ రెండు రోజుల మసి కాగితాలూ నా ట్రంకు పెట్టెలో చుట్టి ఉన్నాయి. ఒకదాని మీద నూనెతో, రెండో దాని మీద నూనె లేకుండా. పక్కపక్కన పెడితే ఏది ఏదో నేను కూడా చెప్పలేను, అందుకే మూలల్లో పెన్సిల్‌తో రాసిపెట్టాను. సెలవుల్లో రాయగడ వస్తే మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి, అటు నుంచి మా ఇంటికి రా. చూపిస్తాను.